పాత గుంత నాకు తెలుస్తుంది

నేను గడ్డపారను. జనగామ బజారులో ఒక ఇనుప సామాన్ల దుకాణంలో గోడకు ఆనించి ఉన్న నన్ను, పక్క పల్లె పోరగాళ్లు చందాలేసుకుని కొనుక్కుపోయారు. ఎవరి చేను పనికో కాదు, ఊరి పనికి. వాళ్లది చిన్న సేవా సంఘం. ఎండాకాలం చలివేంద్రం పెట్టాలంటే పందిరి గుంజలు పాతాలి. కంటి శిబిరం పెడితే టెంటు వేయాలి. వెనకా ముందూ ఎవరూ లేని ముసలాయన పోతే బొంద తవ్వాలి. ఇవన్నీ చేశాను. అయినా నా మొన ఎక్కువగా అరిగింది మొక్కల గుంతల దగ్గరే. అరిగినప్పుడల్లా కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొట్టించేవారు. కొన్ననాటి పొడవు ఇప్పుడు లేదు.

జనగామ నేల అంత సులువుగా లొంగదు. పైన జానెడు ఎర్ర చెలక, కింద మొరం, అక్కడక్కడ పరుపుబండ. తొలకరి పడితే తప్ప దిగలేను. గుంతంటే మూరెడు వెడల్పు, మూరెడు లోతు. పైమట్టి ఒక పక్కన, కింది మొరం ఇంకో పక్కన పోయాలి. మొక్క పెట్టేటప్పుడు పైమట్టిలో పెంట ఎరువు కలిపి ముందు అదే వేళ్ల చుట్టూ నింపాలి. సంఘంలో సేద్యం తెలిసిన ఒక పెద్దాయన ఈ సంగతి ప్రతి ఏడూ చెప్పేవారు. విన్నవాళ్ల మొక్కలు వినని వాళ్ల మొక్కల కంటే ముందే చిగురేసేవి.

2015 జూలై 3న చిలుకూరులో మొక్కలు నాటే హరితహారం పథకం మొదలైంది. తెలంగాణలో 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి తీసుకుపోవాలని, 230 కోట్ల మొక్కలు పెంచాలని లక్ష్యం పెట్టుకున్నారు. దేశంలో వనమహోత్సవం 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టిందే అయినా, మా పల్లెల్లో మొక్కలు నాటడం ఇంత పెద్ద పండుగ కావడం నేను అప్పుడే చూశాను. ఇప్పుడు మన రాష్ట్రంలోనూ దాన్ని వనమహోత్సవం అనే పిలుస్తున్నారు. పేరు ఏదైనా వానాకాలం వచ్చిందంటే నాకు తీరిక ఉండదు.

ఒక ఏడు ఒక బడి ముందు వరుసగా గుంతలు తవ్వుతుంటే నేను చాలా తేలిగ్గా దిగిపోయాను. మొరం తగలలేదు. రాయి మోగలేదు. నేలలో నాకు తెలియని మెత్తదనం. మూడు పోట్లకే ఒక నల్లటి పాలిథిన్ కవరు బయటపడింది. చినగలేదు, కోత పడలేదు. లోపల మట్టిముద్ద అలాగే ఉంది. వేళ్లు బయటికి పోయే దారి లేక కవరు అడుగున చుట్టలు చుట్టుకుని ఎండిపోయాయి. పోయినేడు ఎవరో నాటిన కానుగ మొక్క అది. కవరు కూడా చించకుండా గుంతలో దింపి, మట్టి కప్పి, ఫొటో దిగి వెళ్లారు. అదే చోట మళ్లీ మొక్క పెట్టడానికి మేం వచ్చాం. ఆ రోజు నుంచీ పాత గుంత ఏదో నాకు తగలగానే తెలుస్తుంది. అలాంటివి చాలా ఊళ్లలో తగిలాయి. తగిలినప్పుడల్లా బాధేసింది. నర్సరీలో కూలికి పనిచేసే ఆడవాళ్లు నెలల తరబడి నీళ్లు పోసి పెంచిన మొక్క అది.

2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామ పంచాయతీకి సొంత నర్సరీ ఉండాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, బతకకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పాలని రాసింది. మరుసటి ఏడు పల్లెప్రగతితో ఊరూరికీ ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు వచ్చాయి. ఆ 85 అనే అంకె నాకు బాగా నచ్చింది. నాటినవి లెక్కపెట్టడం చాలామందికి వచ్చు. బతికినవి లెక్కపెట్టమని చెప్పింది ఆ చట్టమే.

సంఘంలో ఒకాయనకు మేం మానుకోట అనే మహబూబాబాద్ జిల్లాలో టీచరు ఉద్యోగం వచ్చింది. నన్ను బండికి తాడుతో కట్టుకుని తీసుకుపోయాడు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా జనగామ, మానుకోట, భూపాలపల్లి చాలా మేరకు ఒకే వరంగల్ జిల్లా. కాబట్టి నేను పరాయి చోటికి పోయానని అనుకోలేదు. ఆయన బడి ఒక తండాలో ఉంది. 500 జనాభా దాటిన తండాలు 2018లో పంచాయతీలయ్యాయి, అదీ అలాంటిదే. సెలవు రోజున దారి వెంట గుంతలు తవ్వుతుంటే ఒక అవ్వ వచ్చి నిలబడింది.

"గుంతలు తవ్వుతున్నవ్ సరే, నీళ్లెవరు పోస్తరు బిడ్డా?"

"పంచాయతీ ట్యాంకరు వస్తదవ్వా."

"ట్యాంకరు వచ్చి పోతది. మేక పొద్దంతా ఈడనే ఉంటది."

అంతే అన్నది. సాయంత్రానికి తుమ్మకంప నరికి తెచ్చి, తన ఇంటి ముందున్న వేపమొక్క చుట్టూ మోకాలెత్తున దడి కట్టింది. రోజూ బోళ్లు కడిగిన నీళ్లు దాని పాదులోనే పోసేది. ఎండలు ముదిరాక పాదులో వరిగడ్డి పరిచింది, తడి ఆరకుండా. రెండో వేసవి కూడా అలాగే చేసింది. వేపకైనా, కానుగకైనా రెండు వేసవులే గండం. ఆ రెండూ గడిస్తే వేరు తన నీళ్లు తను వెతుక్కుంటుంది. మొదటి వేసవిలో అందరికీ ఉత్సాహం ఉంటుంది. రెండో వేసవిలో ఎవరికీ గుర్తుండదు. ఆ దారిలో దడి లేని మొక్కల్లో చాలావరకు పోయాయి. అవ్వ వేప ఇప్పుడు మేకకు అందనంత ఎత్తుంది.

మానుకోట దాటితే ఖమ్మం. అక్కడి రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యను జనం వనజీవి అని పిలిచేవారు. ఎండాకాలంలో గింజలు ఏరి దాచేవారు. వానాకాలంలో భార్య జానమ్మతో కలిసి సైకిలు మీద తిరుగుతూ కాలువ గట్ల మీద, రోడ్ల పక్కన నాటేవారు. కోటికి పైగా మొక్కలు పెంచారని చెబుతారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. ఆయన చేతిలో పనిచేసే భాగ్యం నాకు కలగలేదు.

భూపాలపల్లికి నేను పోయింది మొక్కల కోసం కాదు. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచ వాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. పక్కనున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. జనం డాబాల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు, పడవలు రావలసి వచ్చింది. నీళ్లు తీశాక మా సంఘం వాళ్లు బియ్యం, దుప్పట్లు వేసుకుని బయలుదేరుతూ, అప్పటికి మళ్లీ జనగామ చేరిన నన్నూ బండిలో వేశారు. ఇళ్లలో పేరుకున్న ఒండ్రు ఎండి గట్టిపడితే పారకు రాదు, నేనే కావాలి. బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు మట్టిలోంచి పెకలించాను. మొక్కల పని చేసేవాళ్లే వరదల్లోనూ ముందుంటారని అప్పుడు గమనించాను. ఊరికి నీళ్లు పోయడం అలవాటైన చేతులు ఊరికి అన్నం పెట్టడానికీ వెనకాడవు.

తర్వాతి వానాకాలంలో ఒక వాగు గట్టు మీద కానుగ, నేరేడు పెట్టాం. అంతటి వరదను చెట్లు ఆపుతాయని నేను చెప్పను. గట్టు కోసుకుపోకుండా వేళ్లు పట్టుకుంటాయి, అది మాత్రం నిజం. భూపాలపల్లి జిల్లాలోనే బొగ్గు కోసం ఓపెన్‌కాస్ట్ గనుల్లో తవ్విపోసిన మట్టిగుట్టలున్నాయి. వాటిలో పైమట్టీ, కింది రాయీ కలిసిపోయి ఉంటాయి. అలాంటి చోట మొక్కను బతికించడం చెలకలో పెంచడం కంటే ఎంతో కష్టం. ఉన్న పైమట్టిని పోగొట్టుకోకూడదని అక్కడ నాకు బాగా అర్థమైంది.

ఊరంతా ఒక మాట మీద నిలబడితే ఏమవుతుందో జనగామ జిల్లాలోనే చూపించిన ఊరుంది. లింగాలఘనపురం మండలంలోని ఏనెబావి రైతులందరూ కలిసి 2006 నాటికే రసాయన ఎరువులు, పురుగుమందులు మానేశారు. ఒక్కరు మానితే పక్క చేను మందు వాళ్ల చేలోకి వచ్చేది. అందరూ మానారు కాబట్టే నిలిచింది. మొక్కల విషయమూ అంతే. ఒక ఇంటివాళ్లు దడి కట్టి, పక్కింటివాళ్లు మేకల్ని వదిలితే లాభం లేదు.

వచ్చే వానాకాలం మీ ఊళ్లోనూ గుంతలు తవ్వుతారు. తవ్వే ముందు ఊరంతా కూర్చుని, రెండు వేసవులు నీళ్లు పోసే ఇంటి పేరు ఒక్కో గుంతకు రాసుకోండి. పేర్లు ఎన్ని వస్తే అన్ని గుంతలే తవ్వండి, యాభై వస్తే యాభై. కవరు చించి నాటండి, అదే రోజు దడి కట్టండి. ఒకే చోట నన్ను రెండోసారి దించకండి.