రంగులన్నీ కలిశాయి, నీళ్లు తప్ప

మైక్రోఫ్లూయిడిక్ మిక్సర్ మీద ఎం.టెక్ థీసిస్ ఏదైనా చేతికొస్తే నేను ముందు కంప్యూటర్ సిమ్యులేషన్ బొమ్మలే చూస్తాను. తప్పు నాది కాదు, అందులో ఉండేవే అవి. వెంట్రుక మందం కాలువలోకి ఒక పక్కనుంచి ఎరుపు, ఇంకో పక్కనుంచి నీలం. నాలుగు వంపులు తిరిగేసరికి నారింజ, పసుపు వచ్చి చేరతాయి. చివరికి చానెల్ నిండా ఒకటే ఆకుపచ్చ. కింద క్యాప్షన్: సంపూర్ణ మిశ్రమం. వైవాలో ఇదే యానిమేషన్‌గా ఆడుతుంటే ఎక్స్‌టర్నల్ గారు బిస్కట్ నమలడం ఆపి మరీ చూస్తారు.

పేరులో 'ట్రాన్సియెంట్' అని పడితే థీసిస్ బరువు పెరుగుతుందని మన కాలేజీల్లో గట్టి నమ్మకం. స్టెడీ స్టేట్ అయితే హోంవర్కు, కాలంతో నడిపిస్తే పరిశోధన. సరే, ఆ కాలమెంతో చూద్దాం. 100 మైక్రాన్ల చానెల్, సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున నీళ్లు. రేనాల్డ్స్ సంఖ్య 0.1. గొట్టంలో ప్రవాహం అల్లకల్లోలం కావాలంటే ఆ సంఖ్య రెండువేల దరిదాపులకు రావాలి. ఇక్కడ అంతా జిగట రాజ్యమే, జడత్వం మాట చెల్లదు. పంపు తిప్పాక ఇంత సన్నని కాలువలో వేగం కుదురుకోవడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. ఐదు మిల్లీసెకన్లు దాటాక చూడ్డానికి ఏమీ మిగలదు. చానెల్ వెడల్పు వర్గాన్ని నీటి కైనమాటిక్ స్నిగ్ధతతో, ఆపైన పదితో భాగిస్తే వచ్చే జవాబిది, బస్సు టికెట్ వెనక పట్టే లెక్క. మనవాళ్లు మాత్రం వర్క్‌స్టేషన్‌ను రాత్రుళ్లు నిద్రపోనివ్వకుండా, ప్రతి టైమ్ స్టెప్‌లోనూ అదే వేగపు పారబోలాను మళ్లీ మళ్లీ కనిపెట్టిస్తారు.

రంగు సంగతి వేరే. అణువులు అడ్డంగా పాకడానికి సెకన్లు పడుతుంది, అక్కడ కాలం నిజంగానే కావాలి. వేగాన్ని ఒక్కసారి సాధించి పక్కన పెట్టుకుని, గాఢతను మాత్రం కాలంతో నడిపితే చాలు. కానీ అలా చేస్తే పని తెల్లారేలోపే అయిపోతుంది. అప్పుడిక గైడు గారికి 'రన్ అవుతోంది సార్' అని చెప్పుకునే సౌఖ్యం ఉండదు.

అసలు వినోదం ఆ ఆకుపచ్చలో ఉంది. గాఢతను లెక్కగట్టే ఫస్ట్ ఆర్డర్ అప్‌విండ్ అనే పద్ధతి చాలా మంచిది, ఎప్పుడూ ఎదురు తిరగదు, ఇట్టే కన్వర్జ్ అవుతుంది. అందుకు ప్రతిఫలంగా ప్రవాహం, లెక్క కోసం చానెల్‌ను ముక్కలు చేసిన మెష్ గడులకు ఏటవాలుగా పోయేచోట తనవంతు విసరణను రహస్యంగా కలిపేస్తుంది. దాని పరిమాణం ఇంచుమించు వేగం, గడి వెడల్పుల లబ్ధంలో సగం. గడి 5 మైక్రాన్లు అనుకుంటే, నీటిలో చిన్న ఉప్పు అయాన్ల అసలు విసరణకు ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు. ప్రోటీన్‌లాంటి పెద్ద అణువైతే ఇరవై రెట్లు దాటుతుంది. కాబట్టి ఆ వంపుల కాలువలో ద్రవాలు కలిసింది వంపుల ప్రతిభ వల్ల కాదు, మెష్ ముతకదనం వల్ల. మెష్ సన్నం చేస్తే మిక్సర్ పనిచేయడం మానేస్తుంది. అందుకే ఎవరూ సన్నం చేయరు. చేసినా 'గ్రిడ్ ఇండిపెండెన్స్' పట్టికలో చూపించేది ప్రెషర్ డ్రాప్‌నే, అది ఎంత ముతక మెష్‌లోనైనా బుద్ధిగా వస్తుంది. గాఢతను ఆ పట్టికలో పెట్టినవాళ్లు అరుదు. ఇదేమీ కొత్త గొడవ కాదు. అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం నడిపే ఫ్లూయిడ్స్ ఇంజనీరింగ్ జర్నల్, సంఖ్యాత్మక దోషాన్ని పద్ధతిగా పరీక్షించని వ్యాసాన్ని అచ్చు వేయబోమని 1986లోనే ప్రకటించింది. మన వైవా గదులకు ఆ కబురు ఇంకా దారిలో ఉంది.

ప్రయోగశాలలో కాలం ఎక్కడుంటుందో తెలుసా? చానెల్ బయట. సిరంజి పంపులోని స్టెప్పర్ మోటారు తక్కువ ప్రవాహాల్లో గుటకలు వేసినట్టు తోస్తుంది. ప్లాస్టిక్ ట్యూబు ఉబ్బుతుంది. చానెల్‌ను పోతపోసే పీడీఎంఎస్ రబ్బరులాంటిది, ఒత్తిడికి అదీ ఉబ్బుతుంది. మధ్యలో ఎక్కడో ఒక గాలిబుడగ స్ప్రింగులా కూర్చుంటుంది. పంపు వేగం మార్చాక ఇవన్నీ సర్దుకోవడానికి సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు పడుతుంది. సిమ్యులేషన్‌లో ఇవేవీ కనిపించవు: గోడలు దృఢం, ఇన్‌లెట్ వేగం స్థిరం, బుడగ లేదు. పెళ్లిలో జరిగిన గొడవంతా కోసేసి పూలవాన మాత్రం ఉంచిన వీడియోలాంటిదిది. మిల్లీసెకనులో చచ్చిపోయే కాలానికి లక్ష టైమ్ స్టెప్పులు, నిమిషాలపాటు బతికే కాలానికి ఒక్క వాక్యమూ లేదు.

లెక్కలు కట్టడం దండగని నేననడం లేదు. 2002లో హార్వర్డ్‌లో స్ట్రూక్, వైట్‌సైడ్స్ బృందం చానెల్ అడుగున చేపముల్లు ఆకారపు గాడులు చెక్కి ద్రవాలను మెలితిప్పింది. సైన్స్ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసంలోని అడ్డుకోతలు కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని తీసిన ఫొటోలు. వాటికి సరిపోయే సిమ్యులేషన్లు తర్వాత చాలామంది చేశారు. సరిపోయిందో లేదో చూసుకోవడానికి వాళ్ల ముందు ఒక వస్తువు ఉంది.

మన థీసిస్‌లోనూ వాలిడేషన్ అధ్యాయం ఉంటుంది. వేరే ఎవరి వ్యాసంలోనో ఉన్న గ్రాఫు మీద మౌస్‌తో చుక్కలు పెట్టి, వాటి పక్కన తమ గీత వేసి, 'చక్కని ఏకీభావం' అని రాస్తారు. తీరా చూస్తే ఆ గ్రాఫూ సిమ్యులేషనే. ఆ వ్యాసం పోల్చుకున్నది ఇంకో సిమ్యులేషన్‌తో. ఈ వరసలో ఎక్కడా ఎవరి చేయీ తడవలేదు.

ఇక చివరి పేజీ, 'ఫ్యూచర్ స్కోప్'. ప్రయోగం ద్వారా నిర్ధారించడం భవిష్యత్ పరిశోధకులకు వదిలిపెట్టడమైనది అని ఉంటుంది. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, గైడు గారు పాత థీసిస్ చేతికిస్తారు, వాళ్లు అదే చానెల్‌ను త్రీడీలో చేస్తారు.