లోపలికి దండోరా, బయటికి గప్‌చుప్

సర్కారుకు సిగ్గు పుట్టుకొచ్చింది. సంతోషం. 2025 నవంబరులో వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలు గెజిట్‌లో పడ్డాక, 8(1)(జె) మినహాయింపును సాగదీసి సమాచార హక్కు చట్టానికి రెక్కలు కత్తిరించారు గదా, అప్పట్నుంచి ఆఫీసుల్లో కొత్త మర్యాద మొదలైంది. ఏది అడిగినా ‘వ్యక్తిగత సమాచారం, ఇవ్వజాలము.’ ఫలానా మనిషిని జైలు నుంచి వదిలారా, లేదా? అదీ వ్యక్తిగతమే. ఆయన పరువు, ఆయన గోప్యత, ఆయన జీవితం. వీటన్నిటినీ కాపాడటానికి ఒక గుమాస్తా విడుదలల రిజిస్టరు మీద మోచెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. అడిగింది ఆ మనిషి కన్నతల్లే అయినా సరే, మోచెయ్యి లేవదు.

ఇంత మర్యాద తెలిసిన ప్రభుత్వం అదే మనిషిని లోపలికి తోలిన రోజు ఏం చేసిందో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా ఎడిషన్లు చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను, నాకు చెప్పుకోవాలని ఉంది.

ఒక టేబులు. దానిమీద తెల్లగుడ్డ. గుడ్డ మీద రెండు సెల్‌ఫోన్లు, ఓ కత్తి, పేకముక్కల్లా పరిచిన ఐదొందల నోట్లు. పక్కన స్వాధీనం చేసుకున్న బైకు, నంబరు ప్లేటు కెమెరా వైపు తిప్పి. నడుమ పెద్ద కుర్చీలో అధికారి, ఆ పక్క ఈ పక్క సీఐలు, ఎస్సైలు, వాళ్ల వెనక చేతులు కట్టుకున్న కానిస్టేబుళ్లు. ఫొటోలో ఎవరి మొహమూ మిస్సవకూడదు, రేపు రివార్డు రావాలి. వీళ్లందరికీ వెనకాల, ఓ అంచున, మొహానికి నల్ల ముసుగు తొడిగిన నలుగురు. ఆ ముసుగు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే ముసుగు ఫొటో వరకే. అదే నిమిషంలో వాట్సాప్ గ్రూపుల్లోకి వదిలే ప్రెస్‌నోట్‌కు ఏ ముసుగూ ఉండదు. ఏ1 పేరు, తండ్రి పేరు, వయసు, కులం, వృత్తి, ఊరు, మండలం. ఏ2 అవే వివరాలు. ఎనిమిదొందల గడపలున్న ఊళ్లో ఆ పేరుతో, ఆ తండ్రికి, ఆ కులంలో పుట్టి, ఆ వయసున్నవాళ్లు ఎంతమంది ఉంటారు సార్? బాధితుల చేత గుర్తింపు పరేడ్ చేయించాలి, అందుకే మొహం దాచాం అంటారు. అంటే ఆ గుడ్డముక్క కేసు చెడకుండా ఉండటానికి; మనిషి పరువుతో దానికి సంబంధం లేదు. సాయంత్రానికి లోకల్ యూట్యూబ్ ఛానళ్లు ఆ నోటుకు నేపథ్య సంగీతం కలిపి, ‘కేటుగాళ్ల ఆట కట్టు’ అని ఎర్రక్షరాల్లో దించేస్తాయి. కోర్టు ఇంకా ఫైలు తెరవలేదు, ఆట మాత్రం కట్టేశారు.

ఇలా అరెస్టయినవాళ్లను మీడియా ముందు ఊరేగించవద్దని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు సలహా పంపి పదిహేనేళ్లు దాటింది. 2010 ఏప్రిల్ 1న. తేదీ చూసి సరదాకి అన్నారనుకున్నట్టున్నారు మనవాళ్లు.

పోనీ, దండోరా వేసే అలవాటే ఉందనుకుందాం. అదే టేబులు, అదే తెల్లగుడ్డ ఉన్నాయి గదా. నాలుగేళ్లకు కేసు కొట్టేస్తే, ఆ ఏ1ను పిలిచి పక్క కుర్చీలో కూర్చోబెట్టి ‘ఇతను నిర్దోషి అని కోర్టు చెప్పింది, ఇదిగో బైకు తాళం తిరిగిస్తున్నాం’ అని ప్రెస్‌మీట్ పెట్టిన అధికారిని ఎవరైనా చూశారా? నేను చూడలేదు. ఆ రోజుకు పాత అధికారి బదిలీ మీద పోయి ఉంటాడు, కొత్తాయనకు కేసు తెలియదు. ప్రెస్‌నోటు మాత్రం ఏ గ్రూపులోంచీ పోదు. పిల్లకు సంబంధం చూసే రోజున మేనమామ ఫోనులో అది తప్పకుండా దొరుకుతుంది.

చట్టమూ ఈ వాటంగానే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, మోపిన నేరం ఏమిటన్నదీ ప్రతి ఠాణాలోనూ జిల్లా కేంద్రంలోనూ కొట్టొచ్చినట్టు కనపడేలా పెట్టాలి, డిజిటల్‌గా కూడా. పాత సీఆర్‌పీసీలో 41సి అని ఇలాంటిదే ఉండేది. ఉద్దేశం మంచిది. పట్టుకుపోయినవాణ్ణి మాయం చేయకూడదు, ఇంటివాళ్లకు ఆచూకీ తెలియాలి. సరే, వదిలేసిన రోజున అదే బోర్డు మీద ఆ పేరు పక్కన ఓ తేదీ వేయమని ఏ సెక్షనైనా చెప్పిందా? లేదు. బోర్డుకు లోపలికి పోయే దారి ఒక్కటే తెలుసు.

ఇక మా రాష్ట్రం ఘనత వేరే ఉంది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాట మీద తేల్చింది 2017 ఆగస్టు 24న. ఐదు నెలలు తిరక్కముందే, 2018 జనవరి 18న, తెలంగాణ పోలీసులు ‘సకల నేరస్థుల సమగ్ర సర్వే’ అని పేరు పెట్టుకుని రాష్ట్రమంతా ఒకేరోజు ఇళ్ల మీద పడ్డారు. ఎప్పుడో కేసులో ఇరుక్కున్నవాడి ఇంటిముందు నిలబడి, చుట్టుపక్కలవాళ్లు చూస్తుండగా ఫొటో తీసి, వివరాలు రాసుకుని, ఇంటిని మ్యాపులో గుచ్చి పోయారు. జైలు నుంచి వచ్చి మేస్త్రీ పనో మేకల కాపలానో చూసుకుంటూ బతుకుతున్నవాడు ఏ సందులో, ఏ రేకుల షెడ్డులో ఉంటాడో అక్షాంశ రేఖాంశాలతో సహా తెలుసు వీళ్లకు. ఆ రోజు వ్యక్తిగత సమాచారం అన్న మాట ఒక్క నోటా రాలేదు.

మరి ఆ మనిషిని ఎప్పుడు వదిలారో అడిగితే సిగ్గెందుకు?

బెయిలొచ్చిందంటే బయటికొచ్చినట్టు కాదన్న సంగతి లాయరు ఫీజు కట్టిన ప్రతి ఇంటికీ తెలుసు. ఆర్డరు రావాలి. ఇద్దరు జమానతుదార్లు దొరకాలి, వాళ్ల కాగితాలు కోర్టుకు నచ్చాలి. విడుదల ఉత్తర్వు జైలుకు చేరాలి. గద్వాలలో సంతకమైన కాగితం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు అవతలున్న మహబూబ్‌నగర్ జిల్లా జైలుకు పొద్దుగూకేలోపు అందకపోతే ఆ రాత్రి లోపలే. అన్నీ అయ్యాక, ఇంకో ఠాణావాళ్లు ఇంకో కేసులో పీటీ వారెంటు పట్టుకుని తయారుగా ఉంటే, గేటు దాటకుండానే మళ్లీ లోపలికి. ఇన్ని మెట్లలో మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో ఇంట్లో ఉన్న ఆడమనిషికి చెప్పే దిక్కు లేదు.

ఆమె ఏం చేస్తుంది? పని మానుకుని బస్సెక్కుతుంది. గేటు దగ్గర నిలబడి ‘మా పిలగాన్ని ఇడిసిన్రా సారూ?’ అంటుంది. ‘లోపల అడుగు’ అంటాడు సెంట్రీ. లోపలివాళ్లు ‘కోర్టు కాయితం రాలె’ అంటారు. కోర్టు కానిస్టేబుల్‌కు ఫోన్ కలిపితే ‘మేం నిన్ననే పంపినం గదమ్మా’ అంటాడు. లాయరుగారి ఫోను స్విచాఫ్. ఒక్కోసారి వాణ్ణి అప్పటికే వదిలేసి ఉంటారు. చార్జీకి డబ్బులున్నాయో లేవో, ఫోను పోలీసుల దగ్గరే ఉండిపోయి, వాడు ఇంకో బస్సులో అటు పోతుంటే ఆమె ఇటు గేటు దగ్గర ఎండలో కూర్చుని ఉంటుంది. ఇందులో ఎవరి గోప్యతను కాపాడారు? కొడుకుదా? తల్లిదా? ఒక్కటే కాపాడారు, ఆఫీసు గోప్యత. ఎన్ని రోజులు ఆలస్యం చేశారో, ఎవరి బల్ల మీద కాగితం పడుకుందో బయటపడకుండా చూసుకున్నారు. పేదోడి పరువును అడ్డం పెట్టుకుని తమ బద్ధకాన్ని దాచుకోవడానికి పెద్దమనుషులకు ఎట్లా మనసొప్పుతుందో నాకు అర్థం కాదు.

వివరాలు లేవంటారేమో, ఆ అబద్ధమూ చెల్లదు. బెయిలొచ్చిన తేదీని సూపరింటెండెంటు ఈ-ప్రిజన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి, ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి అని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న కుండబద్దలు కొట్టింది. అంతకుముందే, బెయిలు ఉత్తర్వుల కోసం ఇంకా పావురాల వంక ఆకాశంలోకి చూడాలా అని మన ఎన్.వి.రమణగారు ప్రధాన న్యాయమూర్తిగా విసుక్కున్నారు. తేదీ కంప్యూటర్లో ఉంది. సూపరింటెండెంటుకు కనపడుతుంది, కార్యదర్శికి కనపడుతుంది, ఢిల్లీలో కూర్చున్నవాడికీ కనపడుతుంది. అమ్మకు తప్ప.

‘అంతా ఆన్‌లైన్లో ఉందండీ’ అనేవాళ్ల కోసం ఒక మాట. ఈ-కోర్ట్స్‌లో పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే కేసు తర్వాతి వాయిదా చెబుతుంది, మనిషి ఎక్కడున్నాడో చెప్పదు. జాతీయ జైళ్ల పోర్టల్‌లో ఏముందో చూశారా? లెక్కలున్నాయి. ములాఖత్ బుకింగ్ ఉంది. ‘కారా బజార్’ అని ఖైదీలు చేసిన వస్తువుల అంగడి కూడా ఉంది. ఖైదీ చేసిన సరుకు గురించి తెలుసుకోవచ్చు, ఖైదీ గురించి కాదు. నన్నడిగితే ఒక ఉపాయముంది. ములాఖత్‌కు దరఖాస్తు పెట్టండి. ఒప్పుకుంటే లోపలున్నట్టు, తిరస్కరిస్తే బయటికొచ్చినట్టు, ఏ జవాబూ రాకపోతే సర్కారు మామూలుగా పనిచేస్తున్నట్టు.

బయటి దేశంలో ఎట్లా ఉందో చూడండి. అమెరికాలో ఫార్మింగ్‌టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి అక్కడి ప్రభుత్వమే 2019 జనవరిలో 129 మంది మన దేశపు పిల్లల్ని పట్టుకుంది, వాళ్లలో తెలుగు పిల్లలే ఎక్కువ. దుర్మార్గమైన వల అది. అయినా పేరు, పుట్టిన దేశం కొడితే మనిషి ఏ నిర్బంధ కేంద్రంలో ఉన్నాడో వెతుక్కునే పేజీ అక్కడి ఇమ్మిగ్రేషన్ వాళ్లకు ఉంది. వనపర్తిలో కూర్చున్న తండ్రి మిషిగన్‌లో కొడుకు జాడ తెలుసుకోగలడు. అదే కొడుకు మహబూబ్‌నగర్‌లో ఉంటే బస్సెక్కాలి.

అలాగని అక్కడి కౌంటీ జైళ్ల పద్ధతి ఇక్కడికి పట్టుకురమ్మనడం లేదు, బాబూ. చాలాచోట్ల పట్టుకున్నవాళ్ల మొహాలను నెట్‌లో పెడతారు, ఆ ఫొటోలు ఏరుకుని సైట్లు నడిపేవాళ్లు తీసేయాలంటే డబ్బు కట్టమని అడుగుతారు. అక్కడ తెలుగు కుర్రాడు ఎవడు దొరికినా ఆ బొమ్మ ఇక్కడి వాట్సాప్‌లకు తెల్లారేసరికి చేరేది అందుకే. ఇప్పుడు మన దగ్గరా అద్దెకిచ్చే ముందు, పిల్లనిచ్చే ముందు ‘క్రిమినల్ చెక్’ చేసిపెడతామని యాప్‌లు తిరుగుతున్నాయి. కేసు పెట్టినట్టు చూపిస్తాయి, కొట్టేసినట్టు చూపించవు.

విడుదలను ఘనంగా చాటిన రోజూ ఉంది లెండి. 2024 జూలైలో 213 మంది ఖైదీలను క్షమాభిక్షతో వదిలినప్పుడు చర్లపల్లిలో సభ జరిగింది, ఫొటోలు దిగారు, జైళ్లశాఖ పెట్రోలు బంకుల్లో కొందరికి కొలువులన్నారు. మంచిపనే. విడుదల వల్ల తమకు పేరొచ్చే రోజున అది బహిరంగం, పేరు రాని రోజున వ్యక్తిగతం, అంతే గదా లెక్క?

అటువైపు బాధితుల గతీ ఇదే. నిందితుడి బెయిలు, విడుదల సంగతి బాధిత బిడ్డ తల్లిదండ్రులకు పోలీసులు తెలపాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15ఏ కింద బెయిలు విచారణకు ముందే బాధితులకు సమాచారమందాలి. మా ఊళ్లలో చాలామందికి ఈ కబురు అందేది వాడు చాయ్ హోటల్ ముందు నిలబడి కనపడినప్పుడే.

మా దగ్గరి సంగతే చూడండి. రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్న రైతులను 2025 జూన్‌లో జైలు నుంచి అలంపూర్ కోర్టుకు సంకెళ్లేసి తెచ్చారు. ఆ సంకెళ్లు రాష్ట్రమంతా చూసింది. రేపు ఆ కేసులు నిలవకపోతే ఏ పేపర్లో, ఏ బోర్డు మీద రాస్తారో ముందే చెప్పి పుణ్యం కట్టుకోండి.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవచ్చు గదా అంటారు. పెట్టుకోండి. పది రూపాయలే. మనిషి స్వేచ్ఛకు సంబంధించిన సంగతికి నలభై ఎనిమిది గంటల్లో జవాబివ్వాలని చట్టంలోనే ఉంది. ప్రజాప్రయోజనం పెద్దదైతే ఏ మినహాయింపూ అడ్డురాదన్న 8(2) కూడా ఇంకా బతికే ఉంది. ఇవ్వకపోతే అప్పీలు, ఆపైన రాష్ట్ర సమాచార కమిషన్. ఆ కమిషన్లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్ల పైచిలుకు ఒక్క కమిషనరూ లేకుండానే గడిచిందన్నది వేరే కథ.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఇంటివాళ్లకు ఒకటి, బాధితులకు ఒకటి, వదిలిన రోజున రెండు మెసేజ్‌లు. అదీ చేతకాకపోతే ఇంకోసారి సకల నేరస్థుల సర్వే పెట్టండి. ఇళ్ల చిరునామాలు మీ దగ్గరే ఉన్నాయి, మ్యాపులో గుచ్చి మరీ పెట్టుకున్నారు. ఈసారి పోయేటప్పుడు కోర్టు కొట్టేసిన కేసుల తీర్పు కాపీలు వెంట తీసుకుపోయి, అప్పుడు ఏ గుమ్మం ముందు ఫొటో తీశారో ఆ గుమ్మం ముందే ఊరంతా వినేట్టు చదివి రండి.