నాకెర్కే, ఆడ లేదు!

ధర్మపురిలో ఇంటెనుక ఓ అర్ర పెంచుదామని ముగ్గు పోస్తే చాలు, పిలవకున్నా వచ్చే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. సుతారి గడ్డపార ఎత్తకముందే అరుగు మీది నుంచి వేలు చూపించి, 'గాడ తవ్వున్రి, ఏం గాదు. పైపు ఆడ లేదు, నాకెర్కే' అంటాడు. ఆయన కొలతలు ఫీట్లలో ఉండవు, సంగతుల్లో ఉంటాయి. మరుగుదొడ్డి పైపు పుష్కరాల ముందు వేసింది, మల్లెచెట్టు పక్కపొంటి పోయి బర్రె గుంజకాడ తిరిగింది. ఆ పుష్కరాలు 2015వి. మల్లెచెట్టు ఎండిపోయింది, బర్రెను అమ్ముకున్నారు, గుంజ ఉన్నచోట బండలు పరిచారు. సాక్షులంతా పోయారు గానీ వాంగ్మూలం మాత్రం ఇసుమంతైనా మారలేదు.

ఆయన్ని చూసి నవ్వడం తేలికే, కాదనడమే కష్టం. చిన్న పట్టణాల్లో మరుగుదొడ్డి నీళ్లు చాలావరకు ఎవరింటి సెప్టిక్ ట్యాంకులోకి వాళ్లవే పోతాయి. ఆ ట్యాంకు ఎక్కడుందో చూపే నక్షా ఏ బీరువాలోనూ దొరకదు. ధర్మపురి మునిసిపాలిటీ అయిందే 2018లో. 'టీఎస్ బీపాస్‌లో పర్మిషన్ వచ్చింది గద' అనవచ్చు. 2020 నాటి ఆ భవన అనుమతుల చట్టం చిన్న ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణనే నమ్ముతుంది. యజమానేమో పెద్దమనిషి వేలును నమ్ముతాడు. తవ్వేముందు కబురు చేయమంటూ కేంద్రం 2023లో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. అది టెలికాం కేబుళ్లు, గ్యాస్ పైపుల వంటివాటి కోసం. తాత కట్టించిన ట్యాంకు దానికేం ఎరుక? ఇంతమందికీ తెలియనిచోట తెలుసన్న మనిషే దిక్కవుతాడు.

చిక్కల్లా అరుగుకూ గుంతకూ నడుమ ఉన్న దూరంతోనే. ముప్పై ఫీట్ల అవతలికి చూపే వేలు కొంచెం వణికితే పైపు ఓ గజం జరుగుతుంది. పిల్లర్ గుంతకు గజమంటే తక్కువేం కాదు. పైగా ఊళ్లోని గుడి చుట్టుపక్కల ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి, ఖాళీ మిగిలేది వెనకే. ఒకప్పుడు మరుగుదొడ్డి కట్టిందీ అక్కడే. కాబట్టి కొత్త అర్ర ట్యాంకు నెత్తిన కూర్చునే అవకాశమే ఎక్కువ. పునాది బరువుకు పైపు పగిలితే మురుగు మట్టిలోకి ఇంకుతుంది, మట్టి కుంగుతుంది, గోడ పగులుతుంది. మూత టైల్స్ కింద పడితే, రెండు మూడేళ్లకోసారి తీయాల్సిన మడ్డిని తీయడానికి బండి వచ్చినా దాని పైపు పెట్టే సందు దొరకదు. అప్పుడు మనిషిని దింపుదామంటారు. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదంటారు గానీ, ఆ భరోసా ట్యాంకులోకి దిగినవారికి వర్తించదు. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే ముక్కుకు వాసన కూడా తెలియదు. రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది.

'గింతదానికి ఒక కూలి దండుగ' అన్నది పెద్దమనిషి అభ్యంతరం. వేసిన టైల్స్ పగలగొట్టి, గోడ విప్పి, మళ్లీ కట్టే ఖర్చు ముందు ఒక పూట కూలి ఎంత? పని కూడా పెద్దదేం కాదు. దొరికిన చాంబర్ల మూతలు తీయాలి. బకెట్ నీళ్లలో నీలిమందు కలిపి మరుగుదొడ్డిలో పోయాలి. ఏ చాంబర్‌లో నీలం కనిపిస్తే పైపు అటు పోతున్నట్టు. చాంబరుకూ చాంబరుకూ నడుమ పైపు సాధారణంగా తిన్నగానే పోతుంది కనుక దారం కట్టి, అనుమానమున్నచోట జేసీబీ కాకుండా చేత్తో చిన్న గుంత తవ్వి చూడాలి. 'మా కాలంల గివన్ని ఉన్నయా' అంటాడాయన. లేవు, నిజమే. అప్పుడు ఇంటెనుక కాంక్రీటు పిల్లర్లూ లేవు.

అట్లాగని ఆయన్ని వాకిట్లోనే ఆపనక్కర్లేదు. ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో ఆయన కన్నా బాగా చెప్పేవాళ్లు లేరు. ఎక్కడ ఆపాలన్నది మాత్రం నీలిమందే చెప్పాలి. ఆయన చూపినదానికి రెండు గజాల అవతల పైపు బయటపడినా, 'గదే నేను జెప్పింది' అంటాడు. ఒప్పుకుందాం, పోయేదేం లేదు. ఏ గోడ నుంచి ఎన్ని ఫీట్లలో ఉందో టేపుతో కొలిచి, కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజుల్లో పెడదాం. కింద కనుగొన్నవారిగా ఆయన పేరే రాసినా ఫర్వాలేదు, కొలతలు మాత్రం ఆయన్ని అడిగి రాయకూడదు.