మౌసు బొమ్మ గీసి భాగాలు గుర్తించుము

ఈ కాలం పిల్లలకు కంప్యూటర్ నేర్పాల్సిన పనేముంది, పుట్టడమే ఫోను పట్టుకుని పుట్టారు కదా అని ఏ పెద్దమనిషైనా వేదికెక్కి సెలవిచ్చాడంటే, శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా చప్పట్లు ఖాయం. నిజమే మరి. బొటనవేలితో రీల్స్ తోసే పోటీ పెడితే మా గుంటలకు తిరుగులేదు. "ఈ ఫొటో 50 కేబీ లోపుకి తగ్గించి పంపరా" అన్నామా, బొటనవేలు నోట్లోకి పోతుంది.

అలాగని సర్కారు చేతులు ముడుచుకుందంటే నేనొప్పుకోను. కొనడంలో మనవాళ్లను మించినవారు లేరు. 1984లోనే కేంద్రం ‘క్లాస్’ అని పేరు పెట్టి కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. 2004లో ఐసీటీ పథకమొచ్చింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలోని 5,000 హైస్కూళ్లలో ల్యాబులు దిగాయి. ఒక్క సీపీయూకి నాలుగైదు మానిటర్లు, ఒక్కో మానిటర్‌కి నలుగురైదుగురు పిల్లలు. మౌసు ఒకడి చేతిలో, మిగతావాళ్ల చేతులు వాడి భుజాల మీద. ఐదేళ్లకు కాంట్రాక్టు తీరింది. నేర్పే మాస్టారు కాంట్రాక్టు తాలూకు మనిషే గానీ బడి తాలూకు కాదు కదా, ఆయనా దాంతోపాటే వెళ్లిపోయాడు. మిగిలినవాటిలో మూలగకుండా పనిచేసేది హెడ్మాస్టర్ గారి గదికి చేరింది. మధ్యాహ్న భోజనం లెక్కలు ఎవరెక్కిస్తారు మరి?

2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి గారి పుట్టినరోజు నాడు, ట్యాబుల పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల మాస్టార్లకూ కలిపి 5.18 లక్షలు. లోపల బైజూస్ పాఠాలు. 2024 జులైకల్లా ఆ బైజూసే దివాలా కేసులో పడింది. ఆటలాడకుండా ట్యాబుకి వేసిన లాకుని విప్పే కిటుకు కొందరు గుంటలు కనిపెట్టేశారు. నన్నడిగితే ఆ పథకం మొత్తానికీ జరిగిన కంప్యూటర్ విద్య అదొక్కటే.

ప్రైవేటు బడుల తీరు వేరు. అక్కడ కంప్యూటర్ ఫీజుంటుంది, కంప్యూటర్ పుస్తకముంటుంది, కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. కంప్యూటర్ పితామహుడెవరు? చార్లెస్ బాబేజ్. సీపీయూ అంటే? గడగడా అప్పజెబుతారు. మౌసు బొమ్మ గీసి భాగాలు గుర్తించుము. స్కేలు పెట్టి గీసి, తోక కూడా తగిలించిన బుద్ధిమంతుడికి పదికి పది. ల్యాబుకి మాత్రం తాళం. "పిల్లలు పాడుచేసేస్తారండీ!" వీళ్లకంటే ‘కన్యాశుల్కం’లోని మా విజయనగరం గిరీశమే నయం. చదువు సంగతెలా ఉన్నా, శిష్యుడు వెంకటేశం చేత చుట్ట కాల్పించాడు. ప్రాక్టికల్స్ ఎగ్గొట్టలేదు.

పదో తరగతి ఫలితాలొచ్చాక చూడాలి సొగసు. పాలిటెక్నిక్ కౌన్సెలింగనీ, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ దరఖాస్తనీ ఈ చదువంతా నెట్ సెంటర్ గుమ్మంలో వరస కడుతుంది.

"మెయిల్ ఐడీ ఏటి?"

"నాకేటి తెల్సు అన్నా? పోయినసారి నువ్వే పెట్టీసినావు కదా!"

"పాస్‌వర్డో?"

"అదీ నువ్వే."

ఇచ్చిన ఫోన్ నంబరూ అన్నదే, ఓటీపీ వచ్చేదీ అన్నకే. ఏ కాలేజీ ముందు, ఏది వెనక అన్నదీ అన్న చిత్తమే. ఆప్షన్ల వరసలో రెండు గళ్లు అటూ ఇటూ అయితే పాలకొండ గుంటడు మూడు జిల్లాల అవతల తేలతాడు. అన్న మంచివాడే, కాదన్ను. ఎండలో వచ్చిన తల్లికి కుర్చీ వేస్తాడు, తీసుకునేదీ ఎక్కువేం కాదు. పిల్లాడి సర్టిఫికెట్లన్నీ మాత్రం ఆయన డెస్క్‌టాప్ మీద ‘న్యూ ఫోల్డర్ 17’లో కాపురముంటాయి.

నేర్పాల్సిందల్లా కాస్తంతే. ఫోల్డరు చేసుకోవడం, ఫైలుకి పేరు పెట్టుకోవడం, ఫొటో సైజు తగ్గించడం, మెయిలుకి ఫైలు జతచేయడం, పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకోవడం, ఓటీపీ అడిగినవాణ్ని నమ్మకపోవడం. వారానికి రెండు పీరియడ్లు, బడిలోనే ఉండే ఒక మాస్టారు, వంతులవారీగా ప్రతి పిల్ల చేతికీ మౌసు. మరి ఇంత చిన్న పనికి టెండరెలా పిలుస్తారు? రిబ్బనెక్కడ కడతారు? అందుకే ఆ జోలికి పోకుండా ఇప్పుడు తిన్నగా ఏఐ దగ్గరికి వెళ్లిపోతున్నారు.

వెళ్లనీండి. ఆ ఏఐ ల్యాబులు తెరవడానికి వచ్చే పెద్దలకు చిన్న షరతు పెడితే చాలు. పీఏ గారిని బయట కూర్చోబెట్టి, తమ ఫొటో తామే 50 కేబీ లోపుకి తగ్గించి, తమ మెయిల్ నుంచే హెడ్మాస్టర్ గారికి పంపాలి. అందాకా కత్తెర నా దగ్గరుంటుంది.