పొగ చూసి నొక్కిన వేలు

మా రోజుల్లో వంద మీటర్లు పరిగెత్తడానికి ఛార్జింగ్ అక్కర్లేదురా అబ్బాయిలూ. మీకేమో సాయంత్రమయ్యేసరికి పరుగు టైము తీయడానికి మూడుకాళ్ల స్టాండ్లు, వాటి తలమీద డబ్బాలు, ఎదురుగా వెలుగుని తిప్పికొట్టే బిళ్లలు, చేతిలో ఫోను. ఒక డబ్బా వెలగదు, ఇంకోటి ఫోనుకి దొరకదు. అవన్నీ కుదిరేలోపు మేమైతే ఒళ్లు వేడెక్కించుకుని, నాలుగు పరుగులు తీసి, ఇంటికిపోయి అన్నానికి కూర్చునేవాళ్లం.

ఖరగ్‌పూర్ తెలుగువాడికి టైము గురించి ఒకరు నేర్పక్కర్లేదు. మా తాతల తరం శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికొచ్చి ఇక్కడ పాతుకుపోయింది. మథురాకాటిలోనో నింపురాలోనో కాపురం, వర్క్‌షాపులో కొలువు. సైరన్ కూస్తే లేవడం, సైరన్ కూస్తే పరుగెత్తడం. ఊరందరికీ ఒకటే టైము, అదీ చెవిన పడేది. దాన్ని తలొంచి చూసుకోనక్కర్లేదు.

దూరాలు కూడా కాళ్లకే తెలిసేవి. మన ప్లాట్‌ఫాం 1072.5 మీటర్లు, ప్రపంచంలో అదే పొడుగు అని చాలాకాలం చెప్పుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్ ఆ పేరు పట్టుకుపోయింది, 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతో దాన్నీ దాటేసింది. అంతకు ముందెప్పుడో మనది 833 మీటర్లే. అయినా చుట్టం చివరి బోగీలో వస్తున్నాడని తెలిస్తే అప్పుడు తెలిసేది దాని పొడవు! టిఫిన్ క్యారియర్ పట్టుకుని పరిగెత్తిన పరుగులకి టైము ఎవరు తీశారు?

మైదానంలో టైము తీసేవాళ్లుండేవారు. గడ్డిమీద సున్నం గీత, గీతకి పక్కగా మెట్లబల్ల, దానిమీద ఒకరి వెనక ఒకరు ముగ్గురు పెద్దమనుషులు, ముగ్గురి చేతుల్లో చావి ఇచ్చే స్టాప్‌వాచీలు. వాళ్లు తుపాకీ చప్పుడు విని నొక్కేవారు కాదు. పొగ చూసి నొక్కేవారు. చప్పుడు వంద మీటర్లు దాటి రావడానికి సెకనులో పదింట మూడొంతులు పడుతుంది. చెవిని నమ్మినవాడు పరుగుగాడికి ఆ మూడొంతులు దానం చేసినట్టే. అందుకే వేలు మీటమీద బిగించి, రెప్ప వెయ్యకుండా అటే చూసేవారు. మూడు గడియారాలు మూడు మాటలు చెబితే మధ్యది తీసుకోవాలి, ఇద్దరిది కలిస్తే అదే ఖాయం, పదోవంతుకి మించి పొల్లు మిగిలితే పై పదోవంతుకి జరపాలి. ఎవరికీ ఉచితంగా ఏదీ ఇవ్వని లెక్క అది.

ఇప్పుడు మీ డబ్బా సంగతి. డబ్బా, ఎదురుగా బిళ్ల కలిస్తే ఒక గేటు. మొదటి గేటు దగ్గర కంటికి కనపడని కిరణాన్ని మీ ఒళ్లు అడ్డుకోగానే గడియారం మొదలవుతుంది, చివరి గేటు దగ్గర అడ్డుకోగానే ఆగుతుంది. తీగ లేదు, రేడియో సంకేతంతో పని. బాగానే ఉంది. కానీ సెర్సా స్టేడియంలో మొన్న ఒకడు సంబరంగా వచ్చి ఫోను నా మొహాన పెట్టి, పోటీలో తెచ్చుకున్న టైముకన్నా మెరుగైపోయానని గంతులేశాడు. తుపాకీ ఏదిరా? పొగ ఏది? నువ్వు కదిలాకే అది కదిలింది. చప్పుడు విని ఒళ్లు కదలడానికి పట్టే టైము దాని లెక్కలోనే లేదు. పోటీలో దిమ్మలమీంచి సెకనులో పదోవంతు కూడా గడవకుండా కదిలితే దొంగ స్టార్టంటారు. అంటే ఎంతటి మొనగాడికైనా ఆ మాత్రం టైము పడుతుందన్నమాట. అది తీసేసి పోటీ అంకెతో పోల్చుకుంటే ఎలా?

పోటీకి యంత్రం కావాలి. దానికి నేను అడ్డుచెప్పను. 1960లో రోమ్‌లో మిల్ఖా సింగ్ 400 మీటర్లకి చేతి గడియారం 45.6 అంది, యంత్రం 45.73 అంది. 1977 నుంచి 400 మీటర్ల దాకా ప్రపంచ రికార్డులకి చేతి టైము చెల్లదన్నారు. 1984లో లాస్ ఏంజిలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42, ముందున్న రుమేనియా అమ్మాయి 55.41. ఆ తేడా పట్టగల వేలు భూమ్మీద లేదు. మన విశాఖ పిల్ల జ్యోతి యర్రాజి 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09లో దాటితే, వెనకనుంచి గాలి సెకనుకి 2.1 మీటర్లుంది, 2.0 దాటకూడదు కాబట్టి రికార్డు కాదన్నారు. ఎంత గింజుకున్నానో! మరుసటి నెల సైప్రస్‌లో 13.23 పరిగెత్తి, అనురాధా బిస్వాల్ పేరున 2002 నుంచి ఉన్న 13.38ని చెరిపేసింది. ఈసారి ఎవరూ నోరెత్తలేదు. అక్కడ యంత్రమే సాక్షి.

నా పోట్లాట రోజూ చేసే సాధన గురించి. మాకొక మాస్టారుండేవారు. గడియారం నొక్కి గుప్పిట మూసేసేవారు. ఎంతొచ్చిందని అడిగితే చెప్పేవారు కాదు. "నీకెలా అనిపించింది?" అని అడిగేవారు. బాగా పరిగెత్తానండీ అంటే, అరవై మీటర్ల దగ్గర నీ భుజాలు చెవులకి తగిలాయి, ఎనభై దగ్గర పక్కవాడిని చూశావు, ఆఖర్న నడుము కూలబడింది అని వరసగా చెప్పి, అప్పుడు గుప్పిట తెరిచేవారు. అంకె ఆఖరి మాట. మీకు అంకే మొదటి మాట, అంకే ఆఖరి మాట. నలుగురు కుర్రాళ్లు గీత దాటగానే నలుగురూ ఫోను మీద వాలిపోతారు, బెల్లం ముక్క మీద ఈగల్లా. దాటినవాడి నడుము ఎవడు చూశాడు? గీత దగ్గర నిలబడాల్సిన మనిషి ఫోను దగ్గర నిలబడితే ఆ డబ్బా వెయ్యోవంతు పట్టుకుని మాత్రం ఏం లాభం?

సరే, రేపు కూడా తెస్తారు కదా, వినండి. ఆ కిరణాన్ని ఛాతీ ఎత్తున పెట్టకండి. ఊగుతున్న చెయ్యి ముందు తగిలి టైము తప్పుగా ఆగుతుంది, నడుము ఎత్తున బిగించండి. సాయంత్రం ఎండ నేరుగా డబ్బా కంటిలో పడేలా పడమటికి తిప్పి పెట్టొద్దు. మొదటి గేటుకి అర మీటరు వెనక్కి కాలు పెట్టి నిలబడండి, లేకపోతే ముందుకి వంగిన తలే గడియారాన్ని మొదలెట్టేస్తుంది. ఫుట్‌బాల్ ఆడే పిల్లల్ని అడ్డంగా పోవద్దనండి. ఇంకొక గేటు ఉంటే పది మీటర్ల దగ్గర పెట్టండి, నాకు స్టార్టు ఎక్కడ పాడవుతోందో చూడాలనుంది. ఆ ఫోను మాత్రం నా దగ్గరుంచండి. ముందు నేను చూసింది చెప్తాను, తరవాత ఇస్తాను.