నేను తాతగారి కార్డును

అయిదంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు, కింది అంచు మధ్యలో ఒక రంధ్రం. ఇదీ నా ఆకారం. నాంపల్లిలోని ఒక గ్రంథాలయంలో, టేకు బీరువా సొరుగులో, ఆ రంధ్రంలోంచి దూర్చిన ఇనుప చువ్వ పట్టుకుని నాలాంటి కార్డులతో కలిసి చాలాకాలం నిలబడ్డాను. నా నుదుట లైబ్రేరియన్ గారు నల్లసిరాతో గుండ్రంగా రాసింది ఇంతే: వేదము వేంకటరాయశాస్త్రి, 1853–1929. దాని కింద, ప్రతాపరుద్రీయ నాటకము. ఓ మూలన, పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే అంకె.

పేరు పక్కన ఆ సంవత్సరాలు ఊరికే రాయలేదు. నా వెనకే ఇంకో కార్డు ఉండేది. దాని మీదా వేదము వేంకటరాయశాస్త్రే. ఆయన ఈయన మనవడు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. పోయిన పెద్దాయనను రోజూ నోరారా పిలుచుకోవడానికి అంతకంటే మంచి దారి నాకు తెలియదు. ఆ మనవడే తాతగారి జీవితచరిత్ర రాశారు, సాహిత్య అకాడమీ ప్రచురించింది. అంటే ఆ పుస్తకం రాసింది వేదము వేంకటరాయశాస్త్రి, రాసింది వేదము వేంకటరాయశాస్త్రి గురించి. తాతగారి గ్రంథాలను మద్రాసులో మళ్లీ అచ్చువేసిన సంస్థ పేరేమో వేదము వేంకటరాయశాస్త్రి అండ్ బ్రదర్స్. లైబ్రేరియన్ గారు మా ఇద్దరినీ పక్కపక్కనే నిలబెట్టి, ఒకరి మీద ఒకరి నీడ పడకుండా సంవత్సరాలు రాసి పెట్టారు. ఆ పని విలువ నాకు తర్వాత తెలిసింది.

నేను మోసిన పుస్తకం పేరుకూ జంట ఉంది. పాత్రకు తగిన భాషే పాత్ర చేత మాట్లాడించాలని పట్టుబట్టిన శాస్త్రిగారి నాటకం 1897లో వచ్చింది. అంతకు దాదాపు ఆరు వందల ఏళ్ల ముందే ఓరుగల్లు ఆస్థానంలో విద్యానాథుడు సంస్కృతంలో అలంకారశాస్త్రం రాశాడు. దాని పేరూ ప్రతాపరుద్రీయమే. రెండూ ఒకే రాజు పేరు మీద వెలిశాయి, 1289 నుంచి 1323 దాకా ఏలిన ప్రతాపరుద్రుడి పేరు మీద. పోనీ రాజైనా ఒక్కడేనా అంటే, అంతకుముందు హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుణ్ణి కూడా చరిత్రకారులు మొదటి ప్రతాపరుద్రుడంటారు.

2000 తర్వాత హైదరాబాదు గ్రంథాలయాల్లోకి స్కానర్లు వచ్చాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉన్న మన రాజ్ రెడ్డి గారి ఊహతో, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ సాయంతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. చెదలకు పోవాల్సిన పుస్తకాలు బతికాయి. అది చిన్న ఉపకారం కాదు, నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ పేజీలు తీసినంత శ్రద్ధగా పేర్లు ఎక్కలేదు. తెలుగు పేర్లన్నీ రోమన్ అక్షరాల్లో కొట్టారు. సున్న కావాలంటే ఎన్ కొట్టి నెత్తిన కామా, ట కావాలంటే టీ కొట్టి నెత్తిన కామా. వేంకట ఒకచోట, వెంకట ఇంకోచోట. శాస్త్రి, శాస్త్రులు, శాస్త్రిగారు. ఇంటిపేరు కొన్నిచోట్ల ముందు, కొన్నిచోట్ల వెనక, కొన్నిచోట్ల అసలే లేదు. సంవత్సరం గడిలో పునర్ముద్రణ ఏడాది పడితే, 1929లో పోయిన మనిషి అరవైల్లో కొత్త గ్రంథం రాసినట్టు కనపడతాడు. తర్వాత ఆ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరినప్పుడు ఆ వివరాలూ అలాగే వెంట వెళ్లాయి.

ఇప్పటి పరిశోధకులకు ఆర్కిడ్ అని పదహారు అంకెల గుర్తింపు సంఖ్య ఉంది, 2012 నుంచి ఇస్తున్నారు. ఒకే పేరున్న ఇద్దరు శాస్త్రవేత్తల వ్యాసాలు కలవకుండా అది కాపలా కాస్తుంది. అయితే దాన్ని ఎవరికి వారే నమోదు చేసుకోవాలి. పోయినవారి తరఫున ఎవరు నమోదు చేస్తారు? పెళ్లితో ఇంటిపేరు మారిన రచయిత్రుల అవస్థ దీనికి తలకిందులు: అక్కడ ఒక్క మనిషే ఇద్దరైపోతుంది, పుట్టింటి పేరుతో రాసిన కథలు ఒక దరిన, అత్తింటి పేరుతో రాసినవి మరో దరిన.

కంప్యూటరు వచ్చాక మా సొరుగులు ఖాళీ చేశారు. మాలో చాలామంది వీపుల మీద పాఠకులు పుస్తకాల చీటీలు రాసుకున్నారు. నన్నెవరో చదువరి ఓ పాత వ్యాకరణం పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాడు. చివరికి ఆ పుస్తకంతో పాటే ఆబిడ్స్ చేరాను. ఆదివారం పూట కొట్ల షట్టర్లు దించి ఉంటాయి కనుక, వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పుస్తకాలదే.

అక్కడే ఆ అమ్మాయి కనపడింది. తెలుగు నాటకం మీద పరిశోధన చేస్తోందట. పుస్తకం తెరవగానే నన్ను చూసి అలాగే ఆగిపోయింది.

"అన్నా, ఇదెంత?"

"వంద ఇయ్యక్కా. గిసుంటి బుక్కు మల్ల దొరకది."

"లోపల కార్డుంది, ఇది కూడా తీసుకోనా?"

"తీస్కో అక్కా, దానికేం పైసల్ లేవ్."

రోడ్డు దాటి జనరల్ పోస్టాఫీసు దగ్గర నీడ చూసుకుని ఫోన్ తీసింది. శాస్త్రిగారి పేరుతో వచ్చిన ఫలితాలన్నీ కిందా మీదా కలిసి ఉన్నాయి. నోట్‌బుక్కులో మూడు గడులు గీసి తాత, మనవడు, ప్రచురణ సంస్థ అని రాసుకుంది. నా మీది సంవత్సరాలు ముందు పెట్టుకుని ఒక్కొక్క స్కాన్ తెరిచి ముఖపత్రం చదివింది. ఆముక్తమాల్యద వ్యాఖ్య తాతగారిది. జీవితచరిత్ర మనవడిది. విద్యానాథుడికి వేరే పేజీ కేటాయించింది. ముఖపత్రం లేని స్కాన్లను పక్కన పెట్టింది. ఊహతో ఒక్కటీ గడిలో వేయలేదు. నాకు ఆ అమ్మాయి మీద గౌరవం కలిగింది అక్కడే.

చివరికి ఒక పునర్ముద్రణ మిగిలింది. పీఠిక చివర పేరుంది, తేదీ లేదు. తాత రాసిందా, మనవడు రాసిందా? ఆమె తన గైడ్‌కు ఫోన్ చేసింది. "సార్, తొలి ముద్రణ దొరికితే తేలవచ్చు. అందులో ఈ పీఠిక ఉంటే తాతగారిదే. వచ్చేవారం అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి అడుగుతాను," అంది. ఫోన్ పెట్టేసి, మూడు గడులకూ బయట ఆ పుస్తకం పేరు రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.