మాత్రికతో బ్యాక్‌లాగ్ సాధించడం ఎలా?

బీటెక్ మొదటి సెమిస్టర్ లెక్కల్లో తప్పి తీరాలనుకునే వారి కోసం ఈ చిట్కాలు. అన్నిటికంటే ముందు, కాలమ్ స్పేస్ అంటే ఏమిటని ఎవరినీ అడగకండి. నిలువు వరుసలను ఇష్టమొచ్చిన సంఖ్యలతో గుణించి కూడితే వచ్చే వెక్టర్లన్నీ కలిపి కాలమ్ స్పేస్, అడ్డు వరుసలతో అదే పని చేస్తే రో స్పేస్. ఈపాటి తెలిసిపోయిందంటే తప్పడం కష్టమవుతుంది.

మాత్రిక కనబడగానే ఎచెలాన్ రూపంలోకి దించేయండి. అడ్డు వరుసలు (1, 2, 1), (2, 4, 3), (3, 6, 4) అనుకుందాం. తీసివేతలన్నీ అయ్యాక (1, 2, 1), (0, 0, 1), (0, 0, 0) మిగులుతాయి. పివట్లు ఒకటో, మూడో నిలువు వరుసల్లో ఉన్నాయి. ఇంకేం, అక్కడి నుంచే (1, 0, 0), (1, 1, 0) ఎత్తి కాలమ్ స్పేస్‌కు బేసిస్ అని రాసేయండి. పివట్ల చోటు మాత్రమే ఇక్కడ చూసుకుని, వరుసలను అసలు మాత్రికలోంచి, అంటే (1, 2, 3), (1, 3, 4) అని తెచ్చుకోవాలని ఎవరైనా అంటే చాదస్తం కింద కొట్టేయండి. అసలు మాత్రికలో ప్రతి నిలువు వరుసకూ మూడో సంఖ్య మొదటి రెండింటి మొత్తం. మీ జవాబులో మూడోది ఎప్పుడూ సున్నా. ఇచ్చిన మూడు నిలువు వరుసల్లో ఒక్కదానికీ అందులో చోటు లేదు. పెళ్లికొడుకు పేరు లేని శుభలేఖ లాంటిదే, అయినా అచ్చు వేయించండి.

రో స్పేస్‌కు మాత్రం ఎచెలాన్ వరుసల జోలికి పోవద్దు. అడ్డు వరుసలను వాటిలో వాటినే కలిపాం కాబట్టి రో స్పేస్ చెక్కుచెదరదు, జవాబు సరిగ్గా వచ్చే ప్రమాదం ఉంది.

రెండింటి డైమెన్షనూ 2 కదా, రెండూ ఒకటేనని తేల్చేయండి. (1, 2, 1) రో స్పేస్‌లో ఉండి కాలమ్ స్పేస్‌లో లేదన్న సంగతి పరీక్ష హాల్లో ఎవరు చూడొచ్చారు? మూడు అడ్డు వరుసలు, ఐదు నిలువు వరుసలున్న మాత్రిక వస్తే ఈ మాట మరింత ధీమాగా అనండి. ఒకచోట వెక్టర్లకు మూడేసి సంఖ్యలు, రెండోచోట ఐదేసి.

మొదటి మాత్రికతోనే సమీకరణాలు రాసి, కుడివైపు (1, 1, 1) ఇచ్చి సాధించమన్నారా? ఒకటీ ఒకటీ కలిపితే ఒకటి కాదు గనుక అది కాలమ్ స్పేస్‌లో లేదు, సాధన లేదు. ఒక్క చూపులో తేలే విషయమిది, అందుకే చూడకండి. అడిషనల్ షీటు అడగండి.

ఎమ్ఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన 18.06 పాఠాలు ఉచితంగా దొరుకుతున్నాయి, జాగ్రత్త. మాత్రికను వెక్టర్‌తో గుణించడమంటే నిలువు వరుసలను కలపడమేనని ఆయన మొదటి పాఠంలోనే చెప్పేస్తారు. అది విన్నవారికి ఈ చిట్కాలు పనిచేయవు.

ఇవన్నీ పాటించి కూడా పాసయ్యారంటే పూచీ నాది కాదు. మీ పేపరు దిద్దినవారు కూడా ఇవే చదివి ఉంటారు.